గీయని గడ్డం

తెలుగులో గడ్డాన్ని గీస్తాం. పలక మీద గీత గీసినా, గోడ మీద బొమ్మ గీసినా, తాటిచెట్టెక్కి గెల గీసినా, అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకున్నా మనకున్నది ఆ ఒక్క క్రియే. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటా అని ఆలోచిస్తే, ఏదో ఒక కొస గాని, అంచు గాని ఒక తలాన్ని ఆనుకుని జరగడం కనిపిస్తుంది. ఎంత ఒత్తాలో, ఎంత వాలుగా పట్టాలో చేతికి తెలిసి ఉండాలి. తెలియకపోతే పలక మీద గీత వంకరపోతుంది, చెంప మీద నెత్తురు వస్తుంది. "గడ్డం చేసుకోవడం" అని కూడా అంటారు గాని, ఆ మాటలో పని జరిగిందన్న కబురే తప్ప ఎలా జరిగిందో లేదు. ఇక క్షౌరమన్న సంస్కృత శబ్దం మన నోట "క్షవరం"గా మారి వేరే వ్యాపారంలోకి దిగింది. చిట్టీలవాడు ఊరు విడిచి పారిపోతే జనానికి అయ్యేది క్షవరమే.

ముప్పై ఏళ్ళ పైచిలుకు నేనూ గడ్డం గీసుకున్నాను. 2021 నుంచి గీసుకోవడం లేదు. పెంచుతున్నానని కాదు. ప్రతి ఉదయమూ నా గడ్డం తీసివేయబడుతూనే ఉంది. (తెలుగుకు కర్మణి ప్రయోగం నప్పదని నాకూ తెలుసు, ఇక్కడ కావాలనే వాడాను.) ఆ జరిగేదాన్ని గీయడం అనడానికి మాత్రం నోరు రావడం లేదు.

మా నాన్నగారు వారానికి రెండుసార్లు గీసుకునేవారు, ఆదివారమూ బుధవారమూ. మంగళవారం పనికిరాదు, శుక్రవారం అసలే పనికిరాదు. వసారా కిటికీ ఊచకు చిన్న అద్దం తగిలించి, ఇత్తడి గ్లాసులో వేడినీళ్ళు, డబ్బాలో గుండ్రటి సబ్బు, సగం కుచ్చు ఊడిన బ్రష్షు, మూడు ముక్కలుగా విడివడే రేజరు వరసగా పేర్చుకుని ఎత్తుపీట మీద కూర్చునేవారు. ఆ అరగంటా ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే బుగ్గ కదులుతుంది, బుగ్గ కదిలితే తెగుతుంది. అంతా అయ్యాక పటికముక్క తడిపి మొహమంతా రుద్దుకునేవారు. తెగినచోట పేపరు అంచు చిన్నముక్క చింపి అంటించుకునేవారు. ఆ ముక్క తీయడం మరిచి ఆఫీసుకు బయలుదేరితే అమ్మ వీధి మలుపు దాకా పరుగెత్తి పిలవడం నేను చాలాసార్లు చూశాను.

ఒక్కో బ్లేడు ఆయన దగ్గర నెలన్నర బతికేది. మొద్దుబారిందనిపిస్తే గాజు గ్లాసు లోపలి గోడకు ఆనించి వేళ్ళతో అదిమి అటూ ఇటూ రుద్ది మళ్ళీ కొన్నాళ్ళు నడిపించేవారు. గడ్డానికి బొత్తిగా పనికిరాదని తేలాక దానికి రెండో జన్మ మొదలయ్యేది. మా పెన్సిళ్ళు చెక్కడం, అమ్మ జాకెట్ల కుట్లు విప్పడం, బామ్మ అరికాలి ఆనెలు కోయడం. విరిగి సగమైన బ్లేడు ముక్క కాగితం చుట్టుకుని మా జామెట్రీ పెట్టెలోకి చేరేది. మంత్రసాని బొడ్డుతాడు కోయడానికి మాత్రం కొత్తదే కావాలనేది, అంచేత ఇంట్లో కానుపు ఉందంటే మడత విప్పని బ్లేడు ఒకటి వేరేగా దాచేవారు. ఏ పనికీ రాక తుప్పు పట్టినవి కిటికీ చట్రం పైన దుమ్ములో పడి ఉండేవి. పిల్లలకు అందవు, ఎవరూ పారేయరు.

విచిత్రమేమిటంటే ఆ బ్లేడు పుట్టిందే పారేయడానికి. కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికావాడు సీసామూతలు తయారుచేసే కంపెనీలో ఊళ్ళు తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. సోడా సీసాల మీద ఇవాళ్టికీ కనిపించే ముడతల అంచు రేకుమూతను కనిపెట్టిన విలియం పెయింటర్‌దే ఆ కంపెనీ. ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టు, కొన్నవాడు మళ్ళీ మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు అని పెయింటర్ సలహా ఇచ్చాడంటారు. అంత పల్చటి ఉక్కు రేకు మీద పదును నిలవదని లోహాల సంగతి తెలిసినవాళ్ళు కొట్టిపారేస్తే, విలియం నికర్సన్ అనే ఇంజనీరు నిలిపి చూపించాడు. 1903లో అమ్మకానికి పెడితే ఆ ఏడు పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంటు వచ్చిన 1904లో రేజర్లే 90 వేలు దాటాయి. ఇదే జిలెట్ అంతకు పదేళ్ళ ముందు, 1894లో, ఒక పుస్తకం రాశాడు. లోకంలోని దోషాలన్నిటికీ పోటీ వ్యాపారమే మూలమనీ, ఉత్పత్తి అంతా ప్రజలదైన ఒకే సంస్థ చేతిలో ఉండాలనీ, నయాగరా జలవిద్యుత్తుతో నడిచే ఒక మహానగరంలో జనమంతా కలిసి బతకాలనీ ఆ పుస్తకంలో వాదించాడు. ఆ కల కాగితం మీదే ఉండిపోయింది, పారేసే బ్లేడు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. మా నాన్నగారి కిటికీ దగ్గరికి వచ్చేసరికి దాన్ని పారేసేవాడు కరువయ్యాడు. జిలెట్ వ్యాపారసూత్రం ఓడిపోయిన అతికొద్ది చోట్లలో మా వసారా ఒకటని నాకు ఇప్పటికీ గర్వం.

నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా, ఒక ఆదివారం, నాన్నగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. నా మొహానికి ఆయన రేజరు ఆనించలేదు. తన చెంపకే నురగ రాసుకుని, "అద్దంలో నిన్ను చూసుకోకు, నన్ను చూడు" అన్నారు. రేజరు పిడిని చెంపకు నిటారుగా పెట్టి మెల్లగా దించుకుంటూ, అంచు తగిలి వెంట్రుక తెగే చప్పుడు రాగానే ఆపి, ఇదీ వాలు అన్నారు. ఎడమచేత్తో చర్మాన్ని పైకి లాగి పట్టాలి. ఒత్తకూడదు, రేజరు బరువే చాలు. ఎడమ దవడ కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి, అక్కడ పైనుంచి కిందికి రాకూడదు, అడ్డంగా రావాలి. "నాకుంది, నీకూ ఉంటుంది చూసుకో" అన్నారు. చూసుకున్నాను. ఉంది.

ఆ తరవాత ముప్పై ఏళ్ళలో గడ్డం గీసుకునే పది నిమిషాలూ నాకు సుఖమైన సమయమని నేననుకోలేదు. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా గీసుకోవాలి, చలికాలం చన్నీళ్ళతో గీసుకోవాలి. కాని ఒక్కటి ఒప్పుకోవాలి, బ్లేడు చెంప మీద ఉన్నంతసేపూ మనసు ఇంకోచోటికి పోదు. దేవుడి ముందు కూర్చున్నా నిలవని మనసు అక్కడ నిలుస్తుంది. భక్తి వల్ల కాదు, భయం వల్ల. ఆ భయంలోనే నా మొహం నాకు తెలిసింది. పుట్టుమచ్చ దగ్గర ఎంత దూరంలో ఆగాలి, గొంతుముడి దాటేటప్పుడు గుటక వేసి ఎలా బిగబట్టాలి, పెదవికింద గుంటలో మిగిలిపోయే నాలుగు వెంట్రుకలను నాలుకతో లోపలినుంచి ఎలా తోయాలి. ఇవన్నీ నాకు తెలుసని నాకే తెలియదు, చేతికి తెలుసు.

2021లో నా గుండెలో ఒక కవాటాన్ని తీసి లోహపు కవాటం అమర్చారు. లోహం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది గనక రక్తాన్ని పలచబరిచే మాత్ర బతికున్నంతకాలమూ వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే నెత్తురు ఆగదు, తక్కువైతే గడ్డ కడుతుంది. ఆ రెంటి మధ్యా ఎక్కడున్నానో చెప్పడానికి ఐఎన్ఆర్ అని ఒక రక్తపరీక్ష ఉంది. మాత్రలు వాడని ఆరోగ్యవంతుడికి ఆ అంకె ఒకటి దగ్గర ఉంటుంది, నాది రెండుకీ మూడుకీ మధ్య ఉండాలన్నారు. ఆకుకూరల్లోని కె విటమిన్ ఆ అంకెను కిందికి లాగుతుంది. తినకూడదని కాదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. అప్పటినుంచి మా ఆవిడ గోంగూరనూ తోటకూరనూ వారాలవారీగా లెక్కపెట్టి వండుతోంది. ఆవిడ క్యాలెండరులో పాలలెక్క పక్కన ఆకుకూర లెక్క ఉంటుంది.

డిశ్చార్జి కాగితంలో జాగ్రత్తల జాబితా చివర ఒక ముక్క ఉంది, గడ్డానికి బ్లేడు వాడకుండా ఎలక్ట్రిక్ రేజరు వాడవలెనని. బరువులెత్తకూడదు, ఇంజక్షన్లు కండకు చేయించుకోకూడదు వంటి పెద్ద పెద్ద నిషేధాల కింద అది చాలా చిన్న మాటలా కనిపించింది. ఇంటికొచ్చిన వారానికి, చదువుతున్న కొత్త పుస్తకం కాగితం అంచు చూపుడువేలికి గీసుకుంది. (చూశారా, ఇక్కడా అదే క్రియ.) మామూలుగా అయితే వేలు నోట్లో పెట్టుకుని మరిచిపోయే గీత. దూదితో అదిమి పట్టుకుని కూర్చుంటే ఇరవై నిమిషాలకు ఆగింది. దూది మార్చిన ప్రతిసారీ సన్నటి ఎర్రటి గీత మళ్ళీ తేలేది. మా ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు అలమారలో చూస్తే బ్లేడు పెట్టె లేదు.

ఎలక్ట్రిక్ రేజరు గీయదు. ఈ సంగతి అది చేతికొచ్చాకే నాకు సరిగ్గా అర్థమైంది. దాని తలమీద జల్లెడలాంటి లోహపు రేకు ఉంటుంది, మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. వెంట్రుక ఆ జల్లెడ కన్నంలోంచి లోపలికి దూరుతుంది, లోపల అతివేగంగా అటూ ఇటూ ఆడే పళ్ళు దాన్ని కన్నం అంచుకు నొక్కి కత్తిరించేస్తాయి. కత్తికీ చర్మానికీ మధ్య ఎప్పుడూ ఆ రేకు అడ్డు. అంటే ఇది కత్తి వంశం కాదు, కత్తెర వంశం. జేకబ్ షిక్ అనే అమెరికా సైనికాధికారి 1930లో దీనికి పేటెంటు పొంది 1931లో అమ్మకం మొదలుపెట్టాడు. నీళ్ళూ నురగా అక్కర్లేని గడ్డం ఆయన కల. 1939లో ఫిలిప్స్ కంపెనీ గుండ్రంగా తిరిగే తలతో మరో రకం తెచ్చింది. నా దగ్గరున్న జల్లెడరేకు పద్ధతిని 1950లో జర్మనీలో మాక్స్ బ్రౌన్ బజారుకు తెచ్చాడు. ఆయన పెట్టిన కంపెనీని 1967లో కొన్నది ఎవరనుకున్నారు? బ్లేడ్ల జిలెట్ కంపెనీయే. ఎటు తిరిగినా గడ్డం ఆ గుమ్మంలోకే వచ్చింది.

మొదటి మూడువారాలూ నచ్చలేదు. బ్లేడుకు మొహం తడిసి ఉండాలి, దీనికి పొడిగా ఉండాలి. బ్లేడును చర్మం మీద లాగాలి, దీన్ని ఊరికే ఆనించాలి. నేనేమో చేతి అలవాటు కొద్దీ వాలు వెతుకుతాను. దీనికి వాలు లేదు, నిటారుగా పెట్టడమే. నాలుగు రోజుల గడ్డమైతే మెడమీద పడుకున్న పొడుగాటి వెంట్రుకలు జల్లెడ కన్నాల్లోకి దూరవు, అందుకని వారానికి రెండుసార్లు అన్న నాన్నగారి పంచాంగం చెల్లదు, రోజూ చేయాల్సిందే, మంగళవారమైనా సరే. మెడంతా ఎర్రబడి దురద పెట్టింది. చర్మం అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని కాగితంలో రాశారు, పట్టింది. నున్నదనంలో ఇది బ్లేడుకు సాటి రాదని ఇవాళ్టికీ నా అభిప్రాయం. సాయంత్రానికి చెయ్యి పెడితే గరుకు తెలుస్తుంది.

ఇక తనను తాను కడుక్కోవడం. మామూలు ఎలక్ట్రిక్ రేజరు తల తీసి దులిపితే మిరియాలపొడిలా వాష్‌బేసిన్ నిండా రాలుతుంది. దాన్ని బుల్లి బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి. కృత్రిమ కవాటం ఉన్నవాడి రక్తంలోకి సూక్ష్మజీవులు చేరకూడదు, పన్ను పీకించుకోవాలన్నా ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. మా ఆవిడ ఆ మాట పట్టుకుని, కడుక్కునేదే కొనాలని పట్టుబట్టింది. ఈ రకం ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో బజారులోకి వచ్చింది. రేజరును తలకిందులుగా ఒక గూటిలో నిలబెట్టి మీట నొక్కితే, అడుగున ఉన్న డబ్బాలోంచి ద్రవం పైకి చిమ్మి తలను కడుగుతుంది, వెంట్రుకపొడి వడపోతలో ఆగిపోతుంది, తరవాత ఆరబెట్టుకుంటుంది. ఈలోగా బ్యాటరీ కూడా నిండుతుంది. ద్రవంలో ఎక్కువభాగం ఆల్కహాలు, కొంచెం కందెన, పైన నిమ్మవాసన. డబ్బా సుమారు 30 కడుగుళ్ళకు వస్తుంది. కడగకుండా ఊరికే ఉంచినా ఆవిరైపోతుంది, మళ్ళీ కొనాలి. పెయింటర్ సలహా వందేళ్ళు దాటాక కూడా మా స్నానాలగదిలో పసుపుపచ్చ డబ్బా రూపంలో పనిచేస్తోంది. ఖాళీ డబ్బాలను దేనికైనా వాడవచ్చేమోనని నేను చాలా ఆలోచించాను. నాన్నగారుంటే ఏదో ఒక ఉపాయం తోచేది.

నిమ్మవాసన నలుగురి కోసం పెట్టిందే. దాని కింద నాకు స్పిరిటు వాసన తెలుస్తుంది. ఆపరేషను ముందురోజు సాయంత్రం ఒకాయన వచ్చి మెడ నుంచి చీలమండల దాకా నా ఒంటిమీది వెంట్రుకలన్నీ తీసేశాడు, ఆయన చేతిలో ఉన్నదీ ఇలా గీయని యంత్రమే. తరవాత స్పిరిటుతో తుడిచాడు. పని చేస్తూ తన ఊళ్ళో వానల గురించి మాట్లాడాడు. మొదట్లో పొద్దున్నే గూటిలోంచి ఆ వాసన రాగానే గదిలోంచి బయటికి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు అక్కడే నిలబడి పళ్ళు తోముకుంటున్నాను.

ఇంకో సంగతి ఉంది. లోహపు కవాటం మూసుకున్నప్పుడల్లా చిన్న చప్పుడవుతుంది, చేతిగడియారం చప్పుడు లాంటిది. పగలు వినబడదు. తెల్లవారుజామున, తలుపు వేసిన స్నానాలగదిలో, నాలుగు గోడల మధ్య బాగా వినబడుతుంది. రేజరు మీట నొక్కగానే ఆ హోరులో అది మునిగిపోతుంది. మూడు నిమిషాలు. అద్దం అక్కర్లేదు గనక కిటికీలోంచి ఎదురింటి డాబా మీద పావురాలను చూస్తూ ఉంటాను.

అద్దం అక్కర్లేకపోవడమే ఈ యంత్రం నాకు చేసిన పెద్ద మార్పు. చెయ్యి తడుముకుంటూ పోతుంది, చప్పుడు మారితే అక్కడ మిగిలిందని తెలుస్తుంది. భయం లేదు, దానితోపాటు చూడటమూ పోయింది. ఆమధ్య పాస్‌పోర్టు పునరుద్ధరణకు ఫోటో తీయించుకోవడం కోసం రెండు రోజులు గడ్డం తీయకుండా ఉండాల్సి వచ్చింది, జలుబు చేసి. ఫోటోలో చుబుకమంతా తెల్లగా ఉంది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు. బ్లేడు రోజుల్లో అయితే గ్లాసులో నీళ్ళు చూస్తే తెలిసేది, నల్లపొడి ఎంత, తెల్లపొడి ఎంత అని. ఇప్పుడు ఆ పొడిని యంత్రం నా కంటపడకుండా కడిగేసుకుంటోంది.

కిందటి నెల మావాడు వచ్చి, ఎన్‌సీసీ పెరేడుకు నున్నగా గీసుకుని రమ్మన్నారు, నేర్పమన్నాడు. వాడి ఈడు పిల్లలందరూ ట్రిమ్మరుతో గడ్డాన్ని మూడురోజుల దగ్గర నిలబెట్టుకునేవాళ్ళే. నా యంత్రం వాడుకోమన్నాను. వద్దన్నాడు. తాతయ్య రేజరు స్టీలు డబ్బాలో ఉందట, వాడికి ఎప్పటినుంచో తెలుసట. వీధి చివర కొట్టులో బ్లేడ్ల పొట్లం ఒకటి కొనుక్కొచ్చాడు, పైన కాగితం, లోపల మైనపు కాగితం, అదే మడత.

మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. నేను బ్లేడు లేకుండా రేజరు బిగించి, ఇన్నేళ్ళ తరవాత చెంపకు నురగ రాసుకుని, నన్ను చూడమన్నాను. ఉత్త రేజరు నురగను చారలు చారలుగా తీసుకుంటూ వచ్చింది. పిడిని నిటారుగా పెట్టి మెల్లగా దించి వాలు చూపించబోతే చప్పుడు రాలేదు, బ్లేడు లేదు కదా. అదెలా ఉంటుందో నోటితో చెప్పాల్సి వచ్చింది. ఎడమ దవడ కింద అడ్డంగా రావాలని చెప్పాను. తరవాత బ్లేడు బిగించుకుని వాడు మొదలుపెట్టాడు, నేను ఒక అడుగు వెనక్కి నిలబడ్డాను. నోరు తెరవలేదు, ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. కుడిచెంప బాగానే వచ్చింది. దవడ కింద సుడి దగ్గర తెగింది. "అమ్మో" అన్నది మా ఆవిడ. నేను వంటింట్లోకి పోయి, పోపులడబ్బా వెనకా అటకమీదా వెతికి, పటికముక్క పట్టుకుని వచ్చేసరికి వాడి నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది.